ప్రశ్న కింద ఉన్న ఆ యాభై మాటలు: మిస్సోరీ తెలుగు ఓటర్లకు బహిరంగ లేఖ

మిస్సోరీలో ఓటు హక్కు ఉన్న తెలుగువారందరికీ నమస్కారం.

సెయింట్ లూయిస్‌లో ఉన్నా, కాన్సాస్ సిటీలో ఉన్నా, కొలంబియాలోనో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనో ఉన్నా ఈ ఉత్తరం మీకే. పౌరసత్వం తీసుకుని ఏడాది తిరగనివాళ్లకీ, పాతికేళ్లుగా ఇక్కడ ఓటేస్తున్న పెద్దలకీ కూడా. బ్యాలెట్ మీద ప్రతి ప్రతిపాదన కింద ఖర్చు గురించి రెండు మూడు వాక్యాలు ఉంటాయి. మనలో చాలామందిమి వాటిని చదవడం లేదు. ఆ వాక్యాల కోసం ఈ రాష్ట్రంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లి కొట్లాడారు. వాటి మూలంగా ఒక ఎన్నిక ఫలితమే రద్దయింది. అయినా మన ఇళ్లలో, మన గ్రూపుల్లో వాటి ఊసే రాదు. అది నన్ను చాలా రోజులుగా బాధపెడుతోంది, అందుకే రాస్తున్నాను.

2024 నవంబరు ఎన్నికల ముందు ఆదివారం మా ఇంట్లో ఆరుగురం కూర్చున్నాం. తలా ఒక శాంపిల్ బ్యాలెట్ ప్రింటు తీసుకుని వచ్చారు. అభ్యర్థుల పేర్లు అరగంటలో అయిపోయాయి. ప్రతిపాదనల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాం. మూడో సవరణ, అంటే గర్భస్రావ హక్కుకు సంబంధించినది, రాగానే అందరి గొంతులూ కొంచెం తగ్గాయి. మా వీధి చివర ఉండే అక్క ఫోన్ తీసి తనకొచ్చిన ఫార్వర్డ్ చదివింది. ఇది పాసైతే రాష్ట్రానికి లక్షల కోట్ల డాలర్ల నష్టమట. "ఇంత డబ్బు పోతుందంటే ఎలా వేస్తాం చెప్పు?" అని నన్నడిగింది. "అక్కా, నీ చేతిలో ఉన్న కాగితం మీద ఎంత రాసుందో చూడు" అన్నాను. ఆవిడ కాగితం పట్టుకున్న బొటనవేలు సరిగ్గా ఆ వాక్యం మీదే ఉంది. వేలు పక్కకి జరిపి చదివింది. ఏడాదికి కనీసం 51 వేల డాలర్లు. మళ్లీ ఫోన్ చూసింది, మళ్లీ కాగితం చూసింది. "మరి ఇందులో ఏది నిజం?"

ఆవిడ చివరికి ఎటు వేసిందో నేను అడగలేదు. ఈ లేఖలో కూడా ఆ సవరణ మంచిదా చెడ్డదా అన్న మాట ఎత్తను. దాని మీద మనలో రెండు పక్షాలవాళ్లూ ఉన్నారు, ఇద్దరూ మనస్సాక్షితోనే ఆలోచిస్తున్నారని నాకు తెలుసు. కానీ అక్క అడిగిన ప్రశ్నకి జవాబు ఉంది. ఆ జవాబు మనందరికీ తెలిసి ఉండాలి.

ముందుగా ఆ వాక్యం బ్యాలెట్ మీదికి ఎలా వస్తుందో చెబుతాను. మిస్సోరీలో పౌరులే ఒక చట్టాన్నో రాజ్యాంగ సవరణనో రాసి, సంతకాలు సేకరించి నేరుగా ప్రజల ఓటుకు పెట్టొచ్చు. ఇక్కడ దాన్ని ఇనీషియేటివ్ పిటిషన్ అంటారు. రాజ్యాంగ సవరణ అయితే, రాష్ట్రంలోని ఎనిమిది కాంగ్రెస్ నియోజకవర్గాల్లో కనీసం ఆరింటిలో, గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో 8 శాతానికి సమానమైన సంతకాలు కావాలి. 2024లో ఆ లెక్క లక్షా 71 వేలు దాటింది. పిటిషన్ దాఖలయ్యాక రాష్ట్ర ఆడిటర్, అంటే ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే అధికారి, 20 రోజుల్లో ఖర్చు అంచనా తయారుచేయాలి. రాష్ట్ర ప్రభుత్వానికి, కౌంటీలకు, నగరాలకు దీనివల్ల ఎంత ఖర్చు, ఎంత ఆదా అన్నది అందులో ఉంటుంది. దీన్నే ఫిస్కల్ నోట్ అంటారు, పేజీలకు పేజీలు ఉంటుంది. దాన్ని కుదించి యాభై మాటలు మించకుండా ఒక సారాంశం రాయాలి. ఒక పక్షాన్ని వెనకేసుకొచ్చే మాట కానీ, రెండో పక్షం మీద దురభిప్రాయం కలిగించే మాట కానీ అందులో ఉండకూడదని చట్టంలోనే ఉంది. ఆ సారాంశమే అధికారిక టైటిల్‌లో భాగమై సంతకాల కాగితం మీదికి, చివరికి బ్యాలెట్ మీదికి వస్తుంది. మధ్యలో అది రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది అయిన అటార్నీ జనరల్ ఆఫీసుకు వెళ్తుంది. చట్టపరమైన విషయం, రూపం సరిగ్గా ఉన్నాయని పదిరోజుల్లో ఆ ఆఫీసు ఆమోదం తెలపాలి.

గొడవంతా ఆ ఆమోదం దగ్గరే వచ్చింది. 2023 మార్చిలో గర్భస్రావ హక్కు మీద ఒక వైద్యురాలు పదకొండు రకాల ముసాయిదాలతో పిటిషన్లు వేశారు. అప్పుడు ఆడిటర్ స్కాట్ ఫిట్జ్‌ప్యాట్రిక్. ఆయన రిపబ్లికన్, గర్భస్రావానికి తాను వ్యతిరేకినని బాహాటంగా చెప్పినవారు. ఆయన ఆఫీసు అన్ని శాఖలనూ, స్థానిక సంస్థలనూ అడిగి సారాంశం రాసింది. దాని భావం తెలుగులో చెప్పాలంటే ఇదీ: రాష్ట్ర ప్రభుత్వ సంస్థల అంచనా ప్రకారం ఖర్చూ లేదు, ఆదా లేదు, కానీ ప్రభావం ఎంత ఉంటుందో తెలియదు. స్థానిక ప్రభుత్వాల అంచనా ప్రకారం పన్నుల రాబడి తగ్గి ఏడాదికి కనీసం 51 వేల డాలర్ల భారం. రాష్ట్ర రాబడికి గణనీయమైన నష్టం ఉండవచ్చని వ్యతిరేకుల అంచనా. ఆ 51 వేలు స్ప్రింగ్‌ఫీల్డ్ ఉన్న గ్రీన్ కౌంటీ పంపిన లెక్కలోంచి వచ్చాయి.

అప్పటి అటార్నీ జనరల్ ఆండ్రూ బెయిలీ దీన్ని ఆమోదించనన్నారు. ఈయన కూడా అదే పార్టీ. ఇది పాసైతే కేంద్రం నుంచి వచ్చే మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి సర్కారు ఇచ్చే ఆరోగ్య బీమా) నిధులు పోతాయి, ఆ నష్టం 1,250 కోట్ల డాలర్లు అన్నది ఒక వాదన. పుట్టబోయే పిల్లలు పెద్దయి కట్టబోయే పన్నులు కూడా పోతాయి, అది 6.9 లక్షల కోట్ల డాలర్లు అన్నది వ్యతిరేకులు పంపిన ఇంకో లెక్క. వీటిని పక్కనపెట్టడం తప్పు, నోట్ మార్చి రాయండి అన్నారు. 6.9 లక్షల కోట్ల డాలర్లంటే ఎంతో ఒకసారి ఊహించండి. ఆ ఏడాది అమెరికా కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ కలిపి పెట్టిన ఖర్చు కంటే అది ఎక్కువ. మెడికెయిడ్ నిధులు పోతాయనడానికి ఆధారం లేదని ఆడిటర్ తిరిగి రాశారు. తప్పని తెలిసిన అంకె పెడితే తన విధికి ద్రోహం చేసినట్టేనని కూడా అన్నారు. అలా చెప్పాల్సి వచ్చినందుకు ఆయనకే ఇష్టం లేదని ఆ ఉత్తరం చదివితే తెలుస్తుంది. నాకు ఆ మనిషి రాజకీయాలతో పొత్తు లేదు. కానీ తన పక్షానికి పనికొచ్చే అంకెను, అది నిజం కాదన్న ఒక్క కారణంతో వద్దనుకున్న ఆయన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

ఇక్కడ నాకు మా నాన్న గుర్తొస్తారు. ఆయన గుంటూరు జిల్లాలో ఆర్ అండ్ బీలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేశారు. ఎస్టిమేటు అనే మాట నేను ఇంగ్లీషు నేర్చుకోకముందే విన్నాను. రాత్రిళ్లు లాంతరు పెట్టుకుని ఎం-బుక్ (కొలతల పుస్తకం) చూసి లెక్కలు రాసుకునేవారు. కల్వర్టుకి ఇన్ని క్యూబిక్ మీటర్ల కాంక్రీటు, ఇంత కంకర, ఎస్.ఎస్.ఆర్. (సర్కారు రేట్ల పట్టిక) ప్రకారం ఇంత రేటు అని. ఆ ఎస్టిమేటుకి టెక్నికల్ శాంక్షన్ ఇచ్చేది ఇంజనీరు. అడ్మినిస్ట్రేటివ్ శాంక్షన్ ఇచ్చేది వేరే అధికారి. ఎవరి సంతకం దేనికో ఆ ఆఫీసులో అటెండరుకి కూడా తెలుసు. కాగితాలు సరిగ్గా ఉన్నాయా, సీలు పడిందా అని చూసే చోట ఎవరైనా సిమెంటు రేటు కొట్టేసి తనకు తోచిన రేటు రాస్తే నాన్న ఒప్పుకునేవారు కాదు. నేను కూడా పదహారేళ్లుగా ఒక తయారీ కంపెనీలో ఎస్టిమేట్లు వేసే ఉద్యోగమే చేస్తున్నాను. మా దగ్గర కూడా లీగల్ టీమ్ కొటేషన్‌లోని భాష చూస్తుంది, షరతులు చూస్తుంది. స్టీలు టన్నుకి ఎంత పడుతుందో వాళ్లు నిర్ణయించరు.

కోర్టు కూడా ఇదే మాట చెప్పింది. 2023 జూన్ 20న కోల్ కౌంటీ జడ్జి జాన్ బీటెమ్, ఆ నోట్‌ను ఆమోదించమని అటార్నీ జనరల్‌ను ఆదేశించారు. అప్పీలు నేరుగా రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్లింది. జులై 18న వాదనలు, జులై 20న తీర్పు. రెండే రోజుల్లో, జడ్జీలందరూ ఏకగ్రీవంగా. అటార్నీ జనరల్ చూడాల్సింది సారాంశం రూపాన్ని, అది చట్టం చెప్పినట్టు ఉందా లేదా అన్నదాన్ని. ఆడిటర్ వేసిన అంచనా సరైనదా కాదా అని తిరగతోడే అధికారం చట్టంలో ఎక్కడా లేదని కోర్టు తేల్చింది. 24 గంటల్లో ఆమోదం తెలపమంది. ఆయన తన పని సమయానికి చేసి ఉంటే బ్యాలెట్ టైటిల్ దాదాపు వంద రోజుల ముందే ఖరారయ్యేదని కూడా రాసింది.

ఆ వంద రోజుల మాట దగ్గర కాసేపు ఆగండి. సంతకాలకు చివరి తేదీ ఎన్నికకు ఆరు నెలల ముందు. టైటిల్ తేలకుండా సంతకాల పని ముందుకు సాగదు. కాగితం మీద ఏం రాయాలో తెలియకుండా వాలంటీర్లను లైబ్రరీ బయట, రైతుబజారు దగ్గర ఎలా నిలబెడతారు? ఖర్చు అంకె మీద పెట్టిన పేచీ, పేచీగా ఓడిపోయినా, క్యాలెండర్ మీద మాత్రం గెలిచేలా ఉంది. ఆ పిటిషన్ వేసినవాళ్లు చివరికి 2024 మేలో 3 లక్షల 80 వేలకు పైగా సంతకాలు ఇవ్వగలిగారు కాబట్టి సరిపోయింది. డబ్బూ మనుషులూ అంతగా లేని పిటిషన్ అయితే, మూడు నెలల ఆలస్యానికి అది అక్కడే ఆగిపోయేది. రేపు మనకు ఇష్టమైన విషయం మీద ఎవరైనా పిటిషన్ వేస్తే కూడా ఇదే జరగొచ్చు. అందుకే ఆ తీర్పు గర్భస్రావం గురించి అనుకుని పక్కన పెట్టేయకండి.

అంటే ఆడిటర్ రాసిందే వేదమా, ఎవరూ ప్రశ్నించకూడదా? కాదు. ప్రశ్నించే చోటు వేరే ఉంది. టైటిల్ ఖరారైన పదిరోజుల్లోపు ఏ పౌరుడైనా జెఫర్సన్ సిటీలోని కోల్ కౌంటీ కోర్టులో, ఈ సారాంశం అసంపూర్ణం, ఇది న్యాయంగా లేదు అని కేసు వేయొచ్చు. అక్కడ రెండు పక్షాల వాదనా వింటారు, తీర్పు కారణాలతో సహా అందరికీ కనబడేలా వస్తుంది. ఇదే నోట్ మీద శాసనసభ్యులు సహా కొందరు అలా కేసు వేశారు కూడా. 51 వేలు మరీ తక్కువ, లక్షల కోట్ల మాట రావాలని వాదించారు. కింది కోర్టు ఒప్పుకోలేదు. 2023 అక్టోబరు 31న వెస్టర్న్ డిస్ట్రిక్ట్ అప్పీళ్ల కోర్టు కూడా నోట్ న్యాయంగానే ఉందంది. వాళ్లు ఓడిపోయారు, కానీ వాళ్లు తట్టిన తలుపు మాత్రం సరైనదే. అక్క అడిగిన ప్రశ్నకి జవాబు ఇదీ. ఫోన్‌లో ఉన్న అంకె కోర్టుల దాకా వెళ్లింది, అక్కడ నిలబడలేదు. కాగితం మీద ఉన్న అంకె నిలబడింది.

కోర్టులు ఎప్పుడూ ఆడిటర్ పక్షమే అనుకుంటారేమో, కాన్సాస్ సిటీ సంగతి చెబుతాను. అక్కడి మనవాళ్లకి ఇది బాగా గుర్తుండాలి. కాన్సాస్ సిటీ పోలీసు శాఖ నగరం చేతిలో ఉండదు, రాష్ట్రం నియమించిన బోర్డు చేతిలో ఉంటుంది. డబ్బు మాత్రం నగరం ఇవ్వాలి. నగరం సాధారణ రాబడిలో 20 శాతం బదులు 25 శాతం ఇవ్వాలని 2022లో శాసనసభ చట్టం చేసి, దానికి దారి చేసే రాజ్యాంగ సవరణను ఆ నవంబరులో ఓటుకు పెట్టింది. ఇది పౌరుల పిటిషన్ కాదు, శాసనసభ పంపినది. కానీ ఖర్చు నోట్ రాసే పద్ధతి అదే, రాసే ఆఫీసూ అదే. దీనివల్ల తమ మీద 3 కోట్ల 87 లక్షల డాలర్ల భారం పడుతుందని నగరం ఆడిటర్ ఆఫీసుకు చెప్పింది. ఆ మాట పెద్ద నోట్‌లో ఉంది. బ్యాలెట్ మీది సారాంశంలో మాత్రం రాష్ట్రానికీ స్థానిక సంస్థలకీ అదనపు ఖర్చు గానీ ఆదా గానీ లేదని వచ్చింది.

ఒక్కసారి ఆ ఓటరు స్థానంలో ఉండి చూడండి. పోలీసులకు నిధులు పెంచుదామా అని పైన అడిగారు. ఖర్చేమీ లేదని కింద రాశారు. ఎవరు కాదంటారు? దాదాపు 63 శాతం మంది సరేనన్నారు. కాన్సాస్ సిటీ మేయర్ క్వింటన్ లూకస్ కోర్టుకెళ్లారు. 2024 ఏప్రిల్ 30న రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ ఎన్నిక ఫలితాన్నే కొట్టేసింది. ఖర్చు సారాంశం ఓటర్లను తప్పుదారి పట్టించింది, అది చిన్న పొరపాటు కాదు, మళ్లీ ఓటింగ్ పెట్టండి అని ఆదేశించింది. 2024 ఆగస్టు 6న మళ్లీ ఓటింగ్ జరిగింది. ఈసారి 3,87,43,646 డాలర్లు అన్న అంకె, ఆఖరి డాలరుతో సహా, బ్యాలెట్ మీదే ఉంది. నగరం ఇంతకు ముందు ఆ మేరకు తనంతట తానే ఇస్తూ వచ్చిందన్న మాట కూడా ఉంది. సవరణ మళ్లీ పాసైంది, కానీ 51 శాతంతో. ఆగస్టు ఎన్నికకు వచ్చే జనం వేరు, నవంబరుకు వచ్చే జనం వేరు, కాబట్టి ఆ తేడా అంతా అంకె వల్లే అని నేను అనను. అంకె కళ్లముందు పెట్టుకుని వేసిన ఓటు అది, నాకు అది చాలు.

ఇప్పుడు ఈ నోట్లలో నాకు నచ్చని సంగతి. ఆడిటర్ ఆఫీసు సొంతంగా పరిశోధన చేసి అంకె తేవాలన్న నియమం లేదు. శాఖలనూ నగరాలనూ కౌంటీలనూ అడుగుతారు, వచ్చిన జవాబులు కూర్చుతారు, అందులో సమంజసంగా ఉన్నవి తీసుకుంటారు. అసలు ఈ నోట్లు రాసే అధికారమే ఆడిటర్‌కు లేదని 2012లో పెద్ద కేసు నడిచింది. అధికారం ఉందని, ఇలా సేకరించి రాస్తే సరిపోతుందని సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం ప్రకారం సరే. కానీ ఎస్టిమేట్లు వేసే మనిషిగా నాకు దిగులు ఉంది. జవాబు పంపినవాడి లెక్క ఎక్కుతుంది, పంపనివాడి లెక్క ఎక్కదు. ఎక్కువమంది బడ్జెట్ సిబ్బంది ఉన్న కౌంటీ రాస్తుంది. ఇద్దరు గుమస్తాలతో నడిచే కౌంటీకి అంత తీరిక ఉంటుందా?

"తెలియదు" అన్న మాట మీద కూడా మనవాళ్లకి చిన్నచూపు ఉంది. ఆడిటర్ ఆఫీసుకి చేతకాక అలా రాశారు అంటారు. నేను ఒప్పుకోను. 2020 ఆగస్టులో మెడికెయిడ్ విస్తరణ సవరణ వచ్చింది. అప్పటి నోట్ చెప్పిందేమిటంటే, 2026 నాటికి రాష్ట్రానికి ఏటా కనీసం 20 కోట్ల డాలర్ల అదనపు ఖర్చు నుంచి 100 కోట్ల డాలర్ల ఆదా దాకా ఏదైనా కావచ్చు. ఇంత దూరపు రెండు కొసలు ఇస్తే దీన్ని పట్టుకుని ఏం చేస్తాం అని అప్పట్లో నేనూ విసుక్కున్నాను. తర్వాత ఆలోచిస్తే, నేను కూడా మా ఆఫీసులో ముడిసరుకు ధర తేలనప్పుడు ఇంత నుంచి ఇంత అనే రాస్తాను. నాన్న కూడా పునాది తవ్వకంలో నేల ఎలా ఉంటుందో తేలకపోతే ఆ గడి ఖాళీగా వదిలి పెన్సిల్‌తో చుక్క పెట్టేవారు. ఆ చుక్క చూసి ఎవరూ ఆయన్ని తక్కువ చేయలేదు.

స్పోర్ట్స్ బెట్టింగ్ సవరణ గుర్తుందా, 2024 నవంబరులోదే? బడులకు కోట్ల డాలర్లు వస్తాయని టీవీలో ప్రకటనలు ఊదరగొట్టాయి. బ్యాలెట్ మీద ఏముందో చూశారా? పన్ను రాబడి ఏటా సున్నా నుంచి 2 కోట్ల 89 లక్షల డాలర్ల మధ్య ఉండొచ్చు, ఎంతో తెలియదు అని. సున్నా ఎందుకు? బెట్టింగ్ కంపెనీలు తమ రాబడిలోంచి కొన్ని మినహాయింపులు తీసేసుకునే వీలు ఆ సవరణలోనే ఉంది కాబట్టి. ఆ కారణం కూడా ఆ వాక్యంలోనే ఉంది. దాదాపు 30 లక్షల మంది ఓటేస్తే, ఆ సవరణ మూడు వేల లోపు తేడాతో పాసైంది. మన రాష్ట్రంలో తెలుగు ఓటర్లు ఎంతమందో నా దగ్గర లెక్క లేదు కానీ, మూడు వేలంటే ఎంత చిన్న సంఖ్యో మన పండగ సభల్లో కూర్చున్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇంకో మాట, ముఖ్యంగా మనలో హోటళ్లు, గ్యాస్ స్టేషన్లు, చిన్న షాపులు నడిపేవాళ్లకి. ఫిస్కల్ నోట్ లెక్కేసేది ప్రభుత్వాల ఖర్చు మాత్రమే. మీ ఖర్చు అందులో ఉండదు. కనీస వేతనం, సిక్ లీవ్ కోసం వచ్చిన 2024 నాటి "ప్రొపొజిషన్ A" నోట్‌లో రాష్ట్రానికి ఏడాదికి సున్నా నుంచి కనీసం 2 లక్షల 56 వేల డాలర్ల దాకా ఖర్చు అని ఉంది. అంతేనా అని మీలో కొందరు తర్వాత నాతో అన్నారు. అది సర్కారు ఖాతా, మీ ఖాతా కాదు. ఎన్నికయ్యాక ఆ సారాంశాల మీద, ఖర్చు నోట్‌తో సహా, సవాలు చేస్తూ కేసు వేశారు. 2025 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి ఓటర్ల తీర్పును నిలబెట్టింది. ఆ తర్వాత శాసనసభే సిక్ లీవ్ భాగాన్ని తీసేసింది, అది వేరే కథ. కాబట్టి మీ వ్యాపారానికి ఎంత పడుతుందో మీరు లెక్క వేసుకోవాలి, ప్రభుత్వానికి ఎంత పడుతుందో నోట్ చూడాలి. రెంటినీ కలిపేసి "నోట్‌లో అబద్ధం రాశారు" అని గ్రూపులో పెట్టకండి.

మన ఊళ్లలో ఈ వాక్యం లేక మనం ఎంత కొట్లాడుకుంటామో మీకు తెలుసు. 2023లో తెలంగాణలో ఆరు గ్యారంటీలు, 2024లో ఆంధ్రలో సూపర్ సిక్స్. వాటికి ఎంతవుతుందన్నది ఓ చానెల్ ఓ లెక్క, ఇంకో చానెల్ ఇంకో లెక్క. బాబాయి ఒక అంకె అంటే మావయ్య దానికి మూడింతలు అంటాడు, పండగ భోజనం దగ్గర గొడవ. హామీలకు ఎంత ఖర్చవుతుంది, ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు అన్నది పార్టీలు వివరంగా చెప్పాలని కేంద్ర ఎన్నికల సంఘం 2022 అక్టోబరులో ప్రతిపాదన పెట్టి పార్టీల అభిప్రాయం అడిగింది కూడా. ఈవీఎం మీద గుర్తు పక్కన ఖర్చు రాసి ఉండే రోజు మనం ఊహించుకోగలమా? ఇక్కడ ప్రశ్న కిందే రాసి ఇస్తున్నారు, దాన్ని ఎవరు దిద్దొచ్చో ఎవరు దిద్దకూడదో కోర్టులు తేల్చిపెట్టాయి. మనం దాని మీద బొటనవేలు పెట్టి పట్టుకుంటున్నాం.

అందుకని మిమ్మల్ని అడిగేది ఇదీ. ఓటేసే ముందు ఆ యాభై మాటలు చదవండి. అనుమానం వస్తే ఆడిటర్ వెబ్‌సైట్‌లో పూర్తి నోట్ ఉంటుంది, అందులో ఏ శాఖ ఏం జవాబు చెప్పిందో వరుసగా కనిపిస్తుంది. మొదటిసారి చదివినప్పుడు నాకు నలభై నిమిషాలు పట్టింది, నిద్ర రాలేదు. ఏ అంకె వచ్చినా, ఎవరు పంపినా, ముందుకు పంపే ముందు దాన్ని నోట్‌లో వెతకండి. లేకపోతే పంపినవాళ్లనే అడగండి, ఇది ఎక్కడిది అని. పెద్దవాళ్లు పంపారని మొహమాటపడకండి. నేను మా మావయ్యగారినే అడిగాను, ఆయన కోప్పడలేదు.

మనలో సీపీఏలు, బడ్జెట్ ఎనలిస్టులు, యాక్చువరీలు, హాస్పిటల్ బిల్లింగ్ ఆనుపానులు తెలిసినవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. వాళ్లతో ప్రత్యేకంగా ఒక మాట. ఒక ప్రతిపాదన ఆడిటర్‌కు చేరిన పదిరోజుల్లోపు దాన్ని సమర్థించేవాళ్లు కానీ వ్యతిరేకించేవాళ్లు కానీ తమ ఖర్చు అంచనా పంపొచ్చని చట్టంలో ఉంది. ప్రభుత్వ అకౌంటింగ్ ప్రమాణాలకు తగ్గట్టు ఉండాలి, అంతే. లాయరు అక్కర్లేదు, పదవి అక్కర్లేదు. ఆడిటర్ దాన్ని వాడుకోవాలనేమీ లేదు, కానీ ఎవరూ పంపకపోతే వాడుకోవడానికి ఏమీ ఉండదు. జవాబు పంపినవాడి లెక్కే నోట్‌లోకి ఎక్కుతుందని ఇందాక దిగులుపడ్డాను కదా, ఆ దిగులుకి నాకు దొరికిన మందు ఇదొక్కటే. పదిరోజులంటే తక్కువే. మీ ఆఫీసుల్లో ఇంతకంటే తక్కువ టైమ్‌లో ఇంతకంటే పెద్ద కొటేషన్లు మీరు పంపారు, నాకు తెలుసు.

ఈసారి ఏదైనా పిటిషన్ దాఖలైందని తెలియగానే మా ఇంట్లో కూర్చుందామనుకుంటున్నాను. లాప్‌టాప్ తెచ్చుకోండి, పోయినేడాది నగర బడ్జెట్ పీడీఎఫ్ దింపుకుని రండి. టీ, పకోడీ నా వంతు. మా వీధి చివర అక్క ముందే చెప్పింది, తను వస్తానని, ఈసారి కాగితం రెండు చేతులతో అంచులు పట్టుకుంటానని.

మీలో ఒకరు,
సెయింట్ లూయిస్ పడమటి శివారు నుంచి